మామయ్య నోరు కట్టుకున్న ఎండాకాలం

ఖమ్మంలో మా హాస్టలుకు ఉన్నది ఒక్కటే ఫోను. అది వార్డెన్ మేడం గదిలో ఉంటుంది. పోయిన నెల ఒక ఉదయం నాకు ఫోనొచ్చిందని పిలిస్తే తడి జుట్టుతోనే పరుగెత్తాను. అవతల అమ్మ. అమ్మకు నంబరు నొక్కడం రాదు, ఎస్టీడీ బూత్ అతను నొక్కి చేతికిచ్చి ఉంటాడు. "బిడ్డా, నా తమ్ముడు పోయిండే" అంది. నాతో ఎప్పుడు మాట్లాడినా "మీ మామ" అనే మనిషి ఆ రోజు "నా తమ్ముడు" అంది. పోయాడన్న మాట కన్నా ఆ మాటే నాకు ముందు తగిలింది.

మామయ్య లారీ డ్రైవరు. టేకులపల్లి అవతలి అడవుల నుంచి సారపాక కాగితం మిల్లుకు వెదురు తోలేవాడు. మా ఊళ్లో బడి ఐదో తరగతి వరకే. ఆ తర్వాత నేను అమ్మ వెంట బీడీల తునికాకు కోయడానికి పోవాల్సినదాన్నే. ఒక రోజు మామయ్య లోడు లారీని మా ఇంటి ముందు ఆపి, ఇంజను కూడా ఆపకుండా కిందికి దిగి, నాన్నతో అన్నాడు.

"బావా, నా బండ్ల ఒక సీటు ఖాళీగ పోతుంది. ఈ పిల్లను ఎక్కియ్యి, సారపాకల బడి ముందల దించుత."

అమ్మానాన్నలకు చదువు లేదు. మామయ్యకూ లేదు. అయినా అలా ఆయన ఇంట్లో, ఆయన ఇద్దరు ఆడపిల్లల మధ్య పెరిగి నేను హైస్కూలు చదివాను. ఈ రోజు డిగ్రీ చదువుతూ ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే, ఆ రోజు ఆ ఇంజను ఆగకుండా నడుస్తూ ఉండటం వల్లే అనుకుంటాను. ఆలోచించుకోవడానికి నాన్నకు వ్యవధి దొరకలేదు.

మామయ్య బాగా లావు. స్టీరింగుకూ సీటుకూ మధ్య పట్టాలంటే ముందు ఊపిరి బిగపట్టాలి. పొట్టను లారీ అదనపు టైరులా 'స్టెప్నీ' అనేవాడు. "స్టెప్నీ లేకుంట అడవిలకు పోయేటోడు డ్రైవరేనా?" అని తట్టి చూపించేవాడు. మిల్లు దగ్గర లారీలను తూచే కాంటా ఉంది. తూచేటప్పుడు డ్రైవరు దిగాలి. ఒకసారి ఈయన బద్ధకించి దిగకపోతే, కాంటా మనిషి కిటికీలోంచి తల బయట పెట్టి, "అన్నా, దిగరాదే! నువ్వు కూసుంటే వెదురు రెండు కట్టలు ఎక్కువ చూపిస్తది" అన్నాడట. ఈ సంగతి మామయ్యే ఇంటికొచ్చి, తలుపు సందులోంచి తల పెట్టి మరీ నటించి చూపించాడు. మా అత్త నవ్వలేక కడుపు పట్టుకుంది.

మోకాళ్ల నొప్పులని దవాఖానకు పోయినప్పుడు డాక్టరమ్మ బీపీ చూసి, బరువు తగ్గాలనీ, లేకుంటే షుగరు కూడా వస్తుందనీ గట్టిగానే చెప్పింది.

"లోడు ఏడ దించాల్నో చెప్పమ్మా, ఇప్పుడే దించి పోత" అన్నాడు మామయ్య.

"రోజూ పొద్దున నడవాలి."

"నడుసుడు నాతోని కాదమ్మా. డ్రైవరు నడిస్తే బండి చెడిపోయిందనుకుంటరు."

ఆమె నవ్వి, అయితే సైకిలు తొక్కమంది. ఆ వారమే ఒక పాత సైకిలు ఇంటికి వచ్చింది. మొదటి రోజే సీటు స్ప్రింగులు కుంగిపోయాయి. మెకానిక్కు దాన్ని తీసేసి మోపెడ్ సీటు బిగించాడు. వెనక క్యారేజీ కింద మామయ్య ఒక రేకు ముక్క వేలాడదీసి, నా చేతికి పెయింటు డబ్బా ఇచ్చాడు.

"కోడలా, లారీ ఎనక ఉన్నట్టు దీని మీద ఏదన్న రాయి."

"ఏం రాయాలి మామా?"

ఆయన కాసేపు ఆలోచించి, "తొందరుంటే నువ్వు ముందు పో" అన్నాడు. నాతో అనలేదు, అదే రాయమన్నాడు. బడి బయట నా అక్షరాలను మనుషులు మొదటిసారి చదివింది ఆ రేకు మీదే. మామయ్యకు చదవడం రాదు. అయినా పెయింటు ఆరేదాకా దాని ముందు గొంతుక్కూర్చుని చూశాడు.

లారీ మీద పోతే రెండు మూడు రోజులు ఇంటికి వచ్చేవాడు కాదు. వచ్చిన రోజు పొద్దున్నే సైకిలెక్కి భద్రాచలం వంతెన దాకా పోయి వచ్చేవాడు. ఎదురొచ్చే ప్రతి లారీ ఆయనకు హారన్ కొట్టేది. ఈయన చెయ్యి బయటపెట్టి, నిజంగా లారీ నడుపుతున్నట్టే సైడిచ్చేవాడు. వెదురు కోసే కోయ మనుషులు దారిలో కనిపిస్తే వాళ్ల మాటలోనే పరాచికాలాడేవాడు. కానీ నెలలు గడిచినా స్టెప్నీ తగ్గలేదు. కారణం అత్త కనిపెట్టింది.

"ఏందయ్యా, సైకిలు తొక్కినోనికి చెమట వాసన రావాలె గాని బజ్జీల వాసన వస్తుందేంది?"

"వంతెన కాడ బజ్జీల బండి ఉంది గదనే. గాలి అటుకెల్లి కొట్టింది."

"మరి చట్నీ గూడ గాలికే వచ్చి మీసానికి అంటిందా?"

మామయ్య కండువాతో మీసం తుడుచుకుని నా వైపు చూసి, "కోడలా, మీ అత్త ఆర్టీవో ఆఫీసుల పని చెయ్యవలసింది" అన్నాడు.

అత్తకు మొదట్లో ఆ సైకిలంటే కోపం. "లారీ ఒక సవతి. ఇంటికాడున్న నాలుగు గంటలు గూడ ఇది పట్టుకపోతుంది" అనేది. దానికి మామయ్య ఒక ఉపాయం చేశాడు. ఇంటి పనులన్నీ సైకిలు మీదికి ఎక్కించాడు. అంగడి నుంచి కూరగాయలు, గిర్ని నుంచి పిండి, చిన్నదాన్ని బడికి దించడం, నా నోటు పుస్తకాలు. చిన్నది వెనక క్యారేజీ మీద కూర్చుని రెండు చేతులతో నాన్న నడుమును చుట్టేది. చేతులు పొట్ట దాకా కూడా వచ్చేవి కావు. "నాయినా, అందుతలేవు" అనేది. "అందే రోజు వస్తది బిడ్డా, గట్టిగ పట్టుకో" అనేవాడు.

ఆ రోజు పోయిన ఎండాకాలంలో వచ్చింది. సెలవులకని నేను అక్కడే ఉన్నాను. బడి చివరి రోజు, వీధి మలుపు నుంచే చిన్నది అరుస్తూ వచ్చింది. "అమ్మా! చేతులు కలిసినయ్! నాయిన సుట్టూ నా చేతులు కలిసినయ్!" మామయ్య సైకిలు దిగి, ప్యాంటు నడుము దగ్గర పట్టి ముందుకు లాగి చూపించాడు. లోపల ఇంకో మనిషి పట్టేంత చోటుంది. అందరం చప్పట్లు కొట్టాం.

వీధిలో అందరిదీ ఒకటే మాట, "నోరు కట్టుకున్నడు." బజ్జీల బండి అతను కూడా తమ వైపు రావడమే లేదని చెప్పాడు. టైలరు ఆయన ప్యాంట్లన్నీ బిగించి కుట్టాడు. జీవితంలో మొదటిసారి ఒళ్లు తన మాట విన్నందుకు మామయ్య ముఖంలో పిల్లవాడి గర్వం.

"నోరు కట్టుకునుడు ఏం కష్టం గాదు కోడలా" అన్నాడు నాతో. "మొదట్ల చాన కష్టం అనుకున్న. ఇప్పుడు బజ్జీని చూసినా తినబుద్ధి ఐతలేదు. అన్నం గూడ రెండు ముద్దలకే చాలనిపిస్తుంది. మనసు గట్టిగ చేసుకుంటే అన్ని అయితయ్."

అత్త ఒక్కతే నవ్వలేదు. అమ్మ చూడటానికి వచ్చినప్పుడు గడపలో కూర్చుని చెప్పింది. "వదినా, మీ తమ్ముడు నోరు కట్టుకోలె. నోరే ఆయన్ని ఇడిసిపెట్టింది. దవాఖానకు పోదామంటె ఇంటలేడు."

"మొగడు లావుంటే ఏడిస్తివి, సన్నబడితే గూడ ఏడుస్తివి" అంది అమ్మ.

"సైకిలు మీద కుళ్లు దీనికి" అన్నాడు మామయ్య లోపలి నుంచి. మళ్లీ అందరం నవ్వాం. అత్త లేచి వంటింట్లోకి పోయింది.

అప్పుడే పర్ణశాల ప్రయాణం పెట్టాడు. మేమంతా బస్సులో, ఆయన సైకిలు మీద. అంత దూరం ఎప్పుడూ తొక్కలేదు. మేము దర్శనం చేసుకుని, గోదావరి ఒడ్డున నీడ చూసుకుని కూర్చున్న చాలాసేపటికి వచ్చాడు. అక్కడ ఆగిన లారీ క్లీనరు ఒకతను గుర్తుపట్టి ఈల వేస్తే, ఎన్నికల్లో గెలిచిన మనిషిలా రెండు చేతులూ పైకెత్తాడు. "బస్సు కన్న జర లేటు, గంతే" అన్నాడు. పెదవులు తెల్లగా ఉన్నాయి.

అత్త విస్తరిలో పులిహోర పెట్టింది. ఆయన వేళ్లతో అటూ ఇటూ కలిపి, మేము మాటల్లో ఉండగా మెల్లగా చిన్నదాని విస్తరిలోకి నెట్టాడు. అత్త చూసింది. కొంగుతో ఆయన మెడ తుడవసాగింది. తుడుస్తూ తుడుస్తూ భుజం దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఏందే, ఎముక దొరికిందా?" అన్నాడు మామయ్య. "ఇన్నేండ్లు లోడు కింద ఉండె. ఇప్పుడు బయటవడ్డది."

తిరుగు ప్రయాణంలో సైకిలును బస్సు మీదికి ఎక్కించాం. ఆయన కిటికీకి తల ఆనించి భద్రాచలం దాకా నిద్రపోయాడు. డ్రైవింగు వచ్చినవాడు పక్కవాడి బండిలో నిద్రపోడని ఎప్పుడూ చెప్పే మనిషి.

మర్నాడు పొద్దున లేచేసరికి ఇల్లంతా నూనె వాసన. మిరపకాయ బజ్జీల కోసం ఇన్నాళ్లూ భర్త మీసాన్ని వాసన చూసిన మా అత్త, తనే పిండి కలిపి, పొయ్యి ముందు చెమటలు కక్కుతూ పళ్లెం నిండా బజ్జీలు వేసింది. తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"తిను."

"ఏందే, పిచ్చి లేసిందా? నేను మానేసిన గద."

"ఒక్కటి తిను. ఒక్కటంటే ఒక్కటి. కడుపుల నిలిచిందనుకో, ఈ జన్మల నిన్ను దవాఖాన పేరెత్తి అడగ. నీ సైకిలుకు నేనే గాలి కొట్టిస్త."

మామయ్య మా వైపు చూసి నవ్వాడు. ఒకటి తీసుకుని సగం కొరికాడు. నమిలాడు. చాలాసేపు నమిలాడు. మింగాడు. మిగతా సగం చేతిలోనే ఉంది. తర్వాత లేచి, ఎవరి వైపూ చూడకుండా పెరట్లోకి పోయాడు. వాంతి చేసుకుంటున్న చప్పుడు వినిపించింది. అత్త పళ్లెం పక్కన అలాగే కూర్చుంది. ఆమె మాట నిజమైంది, అది నిజం కాకూడదని ఆమె ఎంత కోరుకుందో ఆ కూర్చున్న తీరులో తెలిసింది. కాసేపటికి మామయ్య ముఖం కడుక్కుని వచ్చి, "చీర మార్చుకో, పోదాం" అన్నాడు.

ఖమ్మంలో చూసి హైదరాబాదు పంపారు. పొట్టలో గడ్డ. అప్పటికే పక్కకు పాకింది. పొట్ట తెరిచి చూసి, చేయగలిగింది లేదని కుట్లు వేసి పంపేశారు. ఇంటికొచ్చాక, "నా టాంకీ మూత తీసి సూసి, మల్ల పెట్టిన్రు" అని చూడవచ్చినవాళ్లకు చెప్పేవాడు. వాళ్లు నవ్వాలో వద్దో తెలియక నా వైపు చూసేవారు. లారీ వేరేవాళ్లకు ఇచ్చేశారు. మంచం వాకిట్లో వేయించుకుని, రోడ్డు మీద పోయే లారీ ఎవరిదో చప్పుడును బట్టి చెప్పేవాడు. దసరా సెలవుల్లో నేను పోయినప్పుడు పెద్దదానికి లెక్కలు చెబుతుంటే కళ్లు మూసుకుని వింటూ, "చెప్పు కోడలా, నాకు గూడ ఇనబడేటట్టు చెప్పు" అన్నాడు.

ఆ సెలవుల్లోనే ఒక మధ్యాహ్నం అత్త గంజి గిన్నె పట్టుకుని పక్కన కూర్చుని ఉంది. మామయ్య ఆమె వైపు తిరిగాడు.

"నువ్వు ఎనకనుంచి హారన్ కొడుతనే ఉన్నవే. నేనే సైడియ్యలె" అన్నాడు.

అత్త గిన్నె కింద పెట్టలేదు. "ఇప్పుడన్న ఇయ్యి. ఇంత గంజి తాగు" అంది.

రెండు చెంచాలు తాగాడు. ఆయన ఆమె మాట విన్నది అప్పుడే అని కాదు. జీవితమంతా ఎంతో ప్రేమగా ఆమె మాటను జోకుగా మార్చి పక్కన పెట్టిన మనిషి, ఆ రోజు మాత్రం జోకునే పక్కన పెట్టి విన్నాడు. మగవాళ్లు భార్యకు తప్పు ఒప్పుకోవడం మా ఇళ్లలో నేను అంతకుముందు చూడలేదు. ఆయన నాకు ఇచ్చినవాటిలో చదువు తర్వాత అదే పెద్దదనుకుంటాను.

ఫోను వచ్చిన రోజు నేను సారపాక చేరేసరికి మధ్యాహ్నమైంది. వాకిలి నిండా జనం. మిల్లు యార్డులో లోడు దించే హమాలీలు నలుగురు పాడె పట్టడానికి ముందుకొచ్చారు. మామయ్య పనిలోకి పోవడం మానేశాక వాళ్లు ఆయన్ని చూడలేదు. ఆయనకు మెడ దాకా తెల్లగుడ్డ కప్పి, పైన పూలు పరిచారు. వాళ్లు తలపాగాలు విప్పి భుజాల మీద మడతలు వేసుకున్నారు. కాళ్లు ఎడం చేసి, వంగి, వెదురు బొంగులు పట్టుకున్నారు. అందులో పెద్దాయన, "జాగ్రత్తరా, అన్న బరువుంటడు. అందరం ఒక్కపాలి" అన్నాడు.

నలుగురూ ఒక్కసారిగా ఎత్తారు. పాడె భుజాలు దాటి పైకి లేచిపోయింది. పూలు కొన్ని రాలి వాళ్ల తలల మీద పడ్డాయి. నలుగురూ అలాగే చేతులు పైకి చాచి, ఎంత ఎత్తామో తెలియనట్టు నిలబడిపోయారు.

గడపలోంచి అత్త గొంతు వినిపించింది. "మెల్లగ దించుకోన్రి తమ్ముడూ. ఆయన్ల ఇప్పుడు బరువు లేదు."

వాళ్లు మెల్లగా భుజాల మీదికి దించుకున్నారు. కట్టలకు కట్టలు వెదురు మోసే ఆ మనుషులు, తేలికైన పాడె ఊగుతుందని అడుగులు బాగా చిన్నవి చేసుకుని, నిద్రపోయే పసిబిడ్డను తీసుకుపోతున్నట్టు గోదావరి వైపు నడిచారు.