పుంగనూరు డేరాలో హాలీవుడ్ నాటకం

మా బావ సామేలు మదనపల్లె దగ్గరి క్షయ ఆస్పత్రిలో చేరి మూడో ఏడు నడుస్తుండగా, ఆయన నాటకంలో వేషం వేస్తున్నాడని మాకు కబురు వచ్చింది. ఆ ఆస్పత్రిలో పనిచేసే శాంతిపురం కాంపౌండరు ఒకాయన సెలవు మీద ఊరికి వస్తూ, కుప్పంలో మా ఇంటి గుమ్మం దగ్గర నిలబడి చెప్పి వెళ్ళాడు. శనివారం సాయంత్రం పుంగనూరులో, టూరింగ్ సినిమా డేరాలో ఆట. హాలీవుడ్‌లో సినిమాలు తీసేవాళ్ళ మీద హాస్య నాటకమట. జబ్బు నయమైన నలుగురైదుగురు, ఊళ్ళోని ఉపాధ్యాయులు కొందరు కలిసి ఆడుతున్నారట. నేను కుప్పం స్టేషన్లో పార్సెలు గుమాస్తాను. బావ ఆస్పత్రికి పోయినప్పటి నుంచి మా అక్క రూతమ్మ, ఆమె కొడుకు నా దగ్గరే ఉంటున్నారు.

“నువ్వు పోయి సూసిరాప్పా. మనిషి ఎట్లుండాడో, దగ్గుతాండాడో సూడు. రమ్మని మాత్రం మాటియ్యొద్దు. ఇంట్లో బిడ్డ ఉండాడు” అంది అక్క. ఆమె మాటలో కోపం లేదు, భయం ఉంది. మా వీధిలో ఆ జబ్బుతో మనిషి పోయిన ఇంటి మెట్లు ఇప్పటికీ ఎవరూ ఎక్కరు. నేను సరేనన్నాను.

కుప్పం నుంచి పుంగనూరుకు నేరుగా బస్సు లేదు. తెల్లవారాక బయలుదేరే బస్సులో వి.కోట మీదుగా పలమనేరు చేరి, అక్కడ బస్సు మారాలి. యుద్ధం ముగిసినా పెట్రోలు ఇంకా సరిగా దొరకడం లేదు కాబట్టి ఈ దారిలో బొగ్గు బస్సులే నడుస్తున్నాయి. బస్సు వెనక నిలువెత్తు డబ్బాలో బొగ్గు మండించి, ఆ గ్యాసుతో ఇంజను తిప్పుతారు. చదును దారిలో బాగానే పోతుంది, మిట్ట వస్తే మొరాయిస్తుంది. వి.కోట దాటాక మమ్మల్నందరినీ దింపారు. ఎంతసేపు ఆగాలని అడిగితే, డ్రైవరు మునెప్ప డబ్బాలో ఇనపకమ్మీతో కెలుకుతూ, “నిప్పు రాజుకోవాల గదా సామీ. తొందరుండేవాళ్ళు తోయండి, లేనోళ్ళు నడవండి” అన్నాడు. నేను నడిచాను. పలమనేరులో బస్టాండు పక్కనున్న పూటకూటి ఇంట్లో రాగి సంగటి, నంజుకోవడానికి చెనిక్కాయల ఊరిబిండి దొరికాయి. బియ్యం రేషను వల్ల అన్నం లేదు. వడ్డించే ఆమె నేను ఎక్కడికి పోతున్నానని అడిగింది. పుంగనూరులో నాటకానికని చెప్పాను. “ఆస్పత్రోళ్ళ నాటకమా? దూరంగా కూర్చోనప్పా” అని ఇంకో ముద్ద వేసింది.

పెద్దపంజాణి మీదుగా పుంగనూరు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. రానుపోను బస్సు చార్జీలన్నీ కలిపినా ఓ మోస్తరు జీతగాడికి భారం కాదు, రోజు మాత్రం పూర్తిగా పోతుంది. డేరా సంత మైదానంలో ఉంది. చీకటి పడితే సినిమా వేసుకోవాలి కాబట్టి డేరా యజమాని పొద్దుగూకేవరకే ఇచ్చాడు. నాటకం వాళ్ళకూ అదే కావలసింది. నయమైనవాళ్ళు చీకటి పడకముందే ఆస్పత్రికి బయలుదేరాలన్నది డాక్టరు పెట్టిన మొదటి షరతు. వాళ్ళు గొంతెత్తి అరవకూడదన్నది రెండోది. ఈ సంగతులు గుమ్మం దగ్గర టిక్కెట్లు చింపుతున్న జ్ఞానప్ప చెప్పాడు. ఆయన హైస్కూల్లో డ్రాయింగు మాస్టరు, నాటకం రాసినవాడు. మదరాసులో ఉన్నప్పుడు ఇంగ్లీషు సినిమాలు తెగ చూశాడట.

“ముందర కూర్చోండి, చాపలన్నీ ఖాళీగానే ఉండాయి” అన్నాడు. నిజమే. జనం నిండుగానే వచ్చారు, కానీ అందరూ డేరా వెనక గుడ్డకు ఆనుకొని కూర్చున్నారు. స్టేజీకి, వాళ్ళకు మధ్య సగం డేరా ఖాళీ. నేనూ వెనకే కూర్చున్నాను.

తెర లేచింది. హాలీవుడ్ కంపెనీ ఒకటి మన దేశపు మహారాజు కథ తీస్తుంటుంది. అక్కడున్న ఎవరూ ఈ దేశం చూసి ఎరగరు. కంపెనీ యజమాని గంటకోసారి వచ్చి కథ మారుస్తుంటాడు. ఒకసారి పాము కావాలంటాడు, ఒకసారి వాన. ఏనుగు లేకపోతే సినిమా లేదంటాడు. గోనెసంచుల ఏనుగులో ఇద్దరు మనుషులు. ముందు కాళ్ళవాడు ఒక దిక్కుకు, వెనక కాళ్ళవాడు ఇంకో దిక్కుకు పోతారు. డైరెక్టరు దొర మా బావ. అరవకూడదు కాబట్టి ఆ దొరకు గొంతు పోయినట్టు రాశాడు జ్ఞానప్ప. దొర గుసగుసగా చెబితే, పక్కనున్న అసిస్టెంటు నోటి దగ్గర రేకు బూరా పట్టుకొని అరవాలి. ఆ వేషం జ్ఞానప్పదే.

బావ పెదవులు కదిలించాడు. జ్ఞానప్ప బూరాలో, “అమ్మా, నీ జీతం తగ్గించినారంట, ఏడువు” అన్నాడు. హీరోయిను వేషం వేసిన లెక్కల మాస్టరు నిజంగానే భోరుమన్నాడు. స్టేజీ పక్కన నిలబడ్డ మాస్టర్ల పిల్లలిద్దరు పడిపడి నవ్వారు. దొర గుసగుస వినబడక, ఆ నవ్వెందుకో వెనకున్న మాకు తెలియలేదు. అప్పుడు నా పక్కనున్న ముసలామె కొడుకుతో, “దొర ఏం జెప్పినాడురా? ఇనబడల్యా” అంది. కొడుకు తనకూ వినబడలేదన్నాడు. ఆమె కొంగు సర్దుకొని లేచి, ఖాళీ చాపల మధ్య నడుచుకుంటూ పోయి మూడో చాప మీద కూర్చుంది. కొడుకు పిలిచాడు, ఆమె తిరిగి చూడలేదు. దొర మళ్ళీ గుసగుసలాడాడు, జ్ఞానప్ప బూరాలో ఇంకా గట్టిగా ఏడవమన్నాడు. ఆమె రెండూ విని, పొట్ట పట్టుకొని నవ్వి, వెనక్కి తిరిగి అందరికీ వినబడేలా చెప్పింది. “నెమ్మదిగా ఏడవమన్నాడంట దొర. వీడు తప్పు జెప్తాండాడు.”

దాంతో ఒక్కొక్కరే లేచారు. మొదట ఆమె కొడుకు, తర్వాత అంగళ్ళవాళ్ళు, తర్వాత ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకొని. ఏనుగు రెండు ముక్కలై, ముందు భాగం మహారాజును, వెనక భాగం యజమానిని తరిమే సీను వచ్చేసరికి స్టేజీ కింద చాపల మీద మోకాలు పెట్టే చోటు లేదు. దొర పెదవి విప్పితే చాలు, డేరా అంతా ఊపిరి బిగబట్టి వినేది. నేను కూడా ఎప్పుడో లేచి ముందుకు వచ్చి ఉన్నాను. బావ ఎలా ఉన్నాడో చూడాలన్న సంగతి ఆట అయిపోయాక గానీ గుర్తు రాలేదు.

తెర వెనక ఆయన మొహం కడుక్కుంటున్నాడు. నన్ను చూసి తువ్వాలు పక్కన పెట్టాడు.

“మీ అక్క సూసి రమ్మనిందా, తీసుకొని రమ్మనిందా?”

“సూసి రమ్మనింది.”

“సూసినావా?”

“సూసినా బావా.”

ఆయన తల ఊపాడు. కొడుకు బడికి పోతున్నాడా అని మాత్రం అడిగాడు.

ఆ సాయంత్రం ఆస్పత్రి బండిలోనే వాళ్ళతో మదనపల్లె వెళ్ళాను. ఆస్పత్రి ఊరికి కొన్ని మైళ్ళ దూరంలో, చల్లటి మిట్ట మీద ఉంటుంది. చూడవచ్చినవాళ్ళు ఉండటానికి వేరే గదులున్నాయి. ఆదివారం ప్రార్థన అయ్యాక డాక్టరును కలిశాను. అక్క భయం ఆయనకు చెప్పాను. “ఇతని వల్ల పిల్లవాడికి ప్రమాదం లేదు. బరువు పనులు వద్దు, తిండి బాగుండాలి, చెప్పినప్పుడు వచ్చి చూపించుకోవాలి” అన్నాడు. తర్వాత, “ఎండాకాలం ముందే ఇంటికి పొమ్మన్నాం. తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు” అన్నాడు. ఈ మాట బావ మాకు ఎప్పుడూ తెలియజేయలేదు. పిలవని ఇంటికి తనంతట తాను రావడం ఇష్టం లేక, నాటకం వంకతో ఉండిపోయాడన్నమాట.

నేను వార్డుకు పోయి, “పెట్టె సర్దుకో బావా, బస్సు ఉండాది” అన్నాను. అక్క చెప్పింది ఒకటి, నేను చేసింది ఒకటి. ఆయన మంచం కింది పెట్టె లాగాడు. ఆస్పత్రి బట్టలు విడిచి వేసుకోబోతే, వచ్చినప్పటి చొక్కాకు గుండీలు పట్టలేదు. వంటాయన దగ్గర ఒకటి అరువు తీసుకొని తొడుక్కున్నాడు.

కుప్పంలో మా ఇంటి ముందు ఆయన ఆగిపోయాడు. అరుగు కూడా ఎక్కలేదు. అక్క గుమ్మంలోకి వచ్చింది. ముందు నా వైపు చూసింది, తర్వాత ఆయన వైపు. డాక్టరు మాటలు అప్పజెప్పబోయాను, ఆమె వినలేదు.

“బయటనే యాల నిలబడుకోనుండారు? లోపలికి రాండి” అంది. ఆయన మెట్లెక్కుతుంటే, “ఇంత లావైనారే” అని పక్కకు తిరిగి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

పుంగనూరులో చూడవలసినవి వేరే చాలా ఉన్నాయని తర్వాత తెలిసింది. నేను ఏమీ చూడలేదు. కానీ ఒక ఊరు మొత్తం భయపడి దూరంగా కూర్చోవడం, తర్వాత ఎవరూ చెప్పకుండానే లేచి దగ్గరికి రావడం ఒకే సాయంత్రం చూశాను. మొదట లేచింది నేను కాదు. ఆ ముసలామె లేవకపోతే నేను లేచేవాణ్ణో కాదో ఇప్పటికీ చెప్పలేను. ఆమెకు ధైర్యం ఎక్కువని కూడా అనుకోను, ఆమెకు నాటకం వినాలని ఉంది, అంతే. ఇక ఆ ఆస్పత్రికి ఎవరినైనా చూడటానికి వెళ్ళేవారికి ఒక్క మాట: వెళ్ళేటప్పుడు వాళ్ళకు ఒక జత బట్టలు కాస్త వదులుగా కుట్టించి పట్టుకెళ్ళండి, తీసుకొచ్చే ఉద్దేశం లేకపోయినా సరే.