చెరి సగం మాత్ర

డోన్ దగ్గర ఒక ఊళ్లో నేను నర్సుని. ఈ రోజు బీపీ చూడటానికి లక్ష్మక్క ఇంటికి వెళ్లాను. మూడు నెలలుగా మాత్రలు ఇస్తున్నా ఆమె బీపీ మళ్లీ నూట ఎనభై చూపించింది. పోయిన నెల షీటులో ఒక్క మాత్ర కూడా మిగల్లేదు, ఈ నెలవి చేతికిచ్చాను. మిషన్ పాడైందేమోనని నా చేతికే కట్టుకుని చూశాను. నాది బాగానే ఉంది, అప్పటికి.

అంతలో గూట్లో ఉన్న అడకత్తెర కనిపించింది. దాని అంచుకు తెల్లటి పొడి అంటుకుని ఉంది.

"దీంతో మాత్రలు కత్తిరిస్తున్నావా అక్కా?"

"సగం నాకు, సగం మా తోడికోడలికి నర్సమ్మా. దానికీ శానా తల తిరుగుతాది. మిషన్ కట్టించుకోమంటే భయపడతాది. పేరు రాసుకున్నారంటే రోగం ఖాయమైనట్లేనంట."

తోడికోడలు ఓబులమ్మది పక్కిల్లే. అరగంట బతిమాలితే చెయ్యి చాపింది. నూట డెబ్బై! కొత్తగా బయటపడినవాళ్లకు డాక్టరు చూడనిదే నేను మాత్రలు ఇవ్వకూడదు. డాక్టరు వ్యాను రేపు ఊరికొస్తుంది, తప్పకుండా రమ్మన్నాను.

"రేపు యాడ కుదురుతాది? శనక్కాయలు పీకను పోతాండాం," అంది ఓబులమ్మ.

రేపు తప్పితే వ్యాను మళ్లీ వచ్చేది నెలకే. నా ముఖం చూసి లక్ష్మక్కే నన్ను ఓదార్చింది.

"నువ్వేం దిగులు పడొద్దు నర్సమ్మా. ఈ నెల మాత్రలు నాకు ఇచ్చినావు గదా, చెరి సగం ఏసుకుంటాంలే."

వీళ్లను ఒప్పించే మాట మీకేమైనా తోస్తే కింద రాయండి. పొద్దున్నే వాళ్లు చేనికి బయలుదేరేలోపు వెళ్లి చెప్పి చూస్తాను.