ఉలవ కట్టె మీద మూడు సైకిళ్లు

మా మేనత్త కొడుకు, నాకు బావ, గత బుధవారం ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు హిందూపురంలో తన ఇంట్లో చనిపోయాడు. ఎనభై ఆరేళ్లు. ముందురోజు సాయంత్రం దాకా తన సైకిల్ షాపులోనే ఉన్నాడు.

అద్దెకు సైకిలు తీసుకున్నది ఎవరైనా సరే, బావ బ్రేకులు నొక్కి చూశాకే కదలాలి. తొందరపడితే "నిదానంగా పో అప్పా, ఊరు ఆడనే ఉంటాది" అనేవాడు. ఒకసారి తన పెళ్లి చెడిపోతుందని తెలిసీ ఆయన ఆ మాట మీదే నిలబడ్డాడు. ఆ రోజు పక్కనే ఉన్నాను కనుక రాస్తున్నాను.

అవి యాభైల చివరి ఏళ్లు. ధర్మవరంలో ఒక రైతు కూతురిని చూడటానికి ఆదివారం రమ్మన్నారు. నాలుగున్నరకు రాహుకాలం, ఆలోపే రావాలని పిల్ల తండ్రి కబురు పెట్టాడు. పెద్దవాళ్లు రైల్లో వెళ్లారు. బావ రైలెక్కనన్నాడు. "సైకిల్ షాపోడు రైలు దిగితే ఎవురు నమ్ముతారు?" బావ, ఆయన స్నేహితుడైన ఒక దర్జీ, నేను ఉదయం ఏడింటికి సైకిళ్ల మీద బయలుదేరాం. సుమారు యాభై మైళ్లు.

పెనుకొండ దాటేసరికి పదకొండున్నర అయింది. కొంతదూరం పోయాక రోడ్డు నిండా ఉలవ కట్టె, అంటే కాయలతో సహా కోసి ఎండబెట్టిన తీగలు, పరిచి ఉంది. బండ్లూ బస్సులూ తొక్కితే గింజ రాలుతుందని మా వైపు అలా పరుస్తారు. ఆ రోజు బస్సు రాలేదు. ఆకాశం మబ్బు పట్టింది. ఒక ముసలావిడ ఒక్కతే కట్టె తిరగేస్తోంది.

"యాడికప్పా పోతాండారు?"

"ధర్మవరానికవ్వా. ఈయప్పకు పిల్లను చూసేకి" అన్నాడు దర్జీ.

"వానొచ్చేట్టుండాది. తడిస్తే అంతా పోతాది. ఓ నాలుగు తూర్లు తొక్కి పోండప్పా."

దర్జీ బావ వైపు తిరిగి, "నువ్వు పెండ్లికొడుకువా, కళ్లంలో ఎద్దువా?" అన్నాడు. బావ అప్పటికే సైకిలు వెనక్కి తిప్పాడు.

సన్నటి టైర్ల కింద గింజ రాలలేదు. తీగలు చైనుకు చుట్టుకొని దర్జీ పడ్డాడు, పంచె చిరిగింది. "కుట్టేకి ఇంకోన్ని ఎతుక్కునే పనిల్యా నీకు" అని బావ నవ్వాడు. తర్వాత మూడు సైకిళ్ల టైర్లలో సగం గాలి వదిలేశాడు. కారియర్లకు రాళ్ల మూటలు కట్టించాడు. ఇంకెవరైనా తన సైకిలును అలా తొక్కితే ఆయన ఊరుకునేవాడు కాదు. టైర్లు వెడల్పయ్యాయి, వాటి కింద కాయ చిట్లింది. నేను రెండుసార్లు టైము చెప్పాను. ఆయన వినిపించుకోలేదు. ఒంటిగంటన్నరకు రెండు మూటల ఉలవలు ఆవిడ ఇంట్లో దించి, టైర్లకు గాలి కొట్టుకొని కదిలాం.

ధర్మవరం చేరేసరికి అయిదుంబావు. పిల్ల తండ్రి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మా పెద్దవాళ్లు తలెత్తడం లేదు.

"రాహుకాలం ఎత్తుకోని వచ్చినారే. ఇంగేం చూసేది, పోండి."

బావ జరిగింది చెప్పాడు. క్షమించమని మాత్రం అడగలేదు. బావ సైకిలు స్టాండు తీశాడు. అప్పుడే వాన మొదలైంది. పిల్ల తండ్రి వానను చూసి అడిగాడు.

"ఆ యమ్మ ఉలవలు ఇంట్లోకి చేరినాయా?"

"చేరినాయి మామా. మూటలు దించినాంకనే కదిలినాం."

"అప్పుడే మామేంది?" అంటూనే ఆయన కాళ్లు ముడుచుకొని అరుగు మీద చోటిచ్చాడు. "ఆరు దాటినాంక లోపలికి రండి."

అలా బావకు భార్యగా వచ్చిన అక్క నాతో ఎన్నోసార్లు అంది: "ఆ పొద్దు వాన రాకుంటే మీ బావ మొగం గూడా చూసేదాన్ని గాదు."

బావ చనిపోయేనాటికి అంగట్లో బాగుచేసిన సైకిళ్లు నాలుగు ఉన్నాయి. ఒక్కో సీటు మీద ఆయన చేతిరాతతో, సుద్దముక్కతో రాసిన పేరు. చివరిది పూలమ్మే ఆవిడది. పనికి ఆలస్యమవుతోందని ఆమె అడిగితే, మంగళవారం సాయంత్రం కూర్చుని పూర్తి చేశాడు. అంగడి తాళం చెవి అక్క దగ్గర ఉంది. వచ్చే ఆదివారం, పన్నెండో రోజున, పెద్దదినం. సోమవారం ఉదయం తొమ్మిదింటికి అక్క తలుపు తీసి, ఆ పేర్లు చదివి, సైకిళ్లు వాళ్లకు అప్పగిస్తుంది.