లైట్ తీస్కో నానమ్మా

“నా చిన్నప్పుడు పట్టపగలు దీపం పెడితే వాడకట్టంత నవ్వెటోళ్లు. గా లైట్ బంద్ చెయ్యి!”

“ఒక్క ఫొటో నానమ్మా! జర లైట్ తీస్కో!”

తీసుకోమంది కదా అని చేయి చాచి పక్కనున్న టేబుల్ లైట్ ఆర్పేశాను. అప్పుడే కెమెరా టిక్కుమంది. ఫొటోలో నా ముఖం సగం మసిబొగ్గు.

“అయ్యో! లైట్ తీస్కో అంటే పట్టించుకోకు అని! ఆర్పుమని కాదు!”

“మరి గట్లనే చెప్పాలె. తీస్కో అంటివి, తీసిన.”

మా మనవరాలు బడిలో ఫొటోల క్లబ్బులో చేరింది. వాళ్ల సారు కెమెరాను ఒక్కొక్కరికి ఒక్క సాయంత్రం ఇంటికిస్తాడు. ఇంట్లోవాళ్ల ముఖాన్ని కిటికీ వెలుగులో తీయాలి. నీడ పక్కనున్న కన్ను కూడా కనబడాలి. బాగా వచ్చిన ఫొటోలు మరునాడు బడి గోడకు పెడతారు. మా పిల్ల తీసినవి ఇంతవరకు గోడ ఎక్కలేదు. చేయి కదిలి అన్నీ అలికేసినట్టు వస్తాయట.

నార్సింగిలో మేముండే ఇంటికి సాయంత్రం ఎండ రాదు. ఎదురుగా ఉన్న అద్దాల ఆఫీసు మీద పడిన ఎండ తిరిగొచ్చి మా వంటింట్లో పడుతుంది. అది ఉన్నంతసేపూ నేను లైట్ వేయనివ్వను. ఆ కిటికీ దగ్గర కూర్చోబెట్టి తీస్తే నాకు ఒక చెంప తెల్లగా, రెండోది చీకటిగా వచ్చింది. చీకటి పక్కన టేబుల్ లైట్ పెడితే పెళ్లికూతురికి పసుపు పూసి సగంలో మరిచిపోయినట్టుంది. బడిలో అయితే ఆ పక్కన వెలుగు తిరిగి పడేలా తెల్లటి థర్మాకోల్ అట్ట నిలబెడతారట. ఆన్‌లైన్‌లో తెప్పిస్తానంది. నేను ససేమిరా అన్నాను. ఒక్క పూట వాడి అటక మీద పడేసే సరుకు నా ఇంట్లోకి రాదు.

పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. “ఎండ పోతున్నది నానమ్మా. రేపు గోడ మీద నా ఒక్కదానిదే ఉండదు.”

ఎండ పోతున్నదన్న మాటతో మా పెద్దమ్మ గుర్తొచ్చింది.

ఖాజాగూడలో మా పాత ఇంటికి ఒకటే తలుపు, కిటికీ అన్నది లేదు. ఒకరోజు బండల మీద ఆడుకుంటుంటే నా అరికాల్లో తుమ్మముల్లు విరిగింది. పెద్దమ్మ పిన్నీసు తీసేసరికి హడలిపోయి, లోపల వడ్ల బస్తాల వెనక దూరాను. ఎవరు పిలిచినా రాలేదు. ఇంకొకరైతే చెవి పట్టుకుని ఈడ్చేవాళ్లు. పెద్దమ్మ మాత్రం వాకిట్లోకి వెళ్లి ఇత్తడి పళ్లెం ఎండకు పట్టింది. చీకటి గోడ మీద గుండ్రటి వెలుగు దూకింది. కుందేలులా ఇటు గెంతి, అటు గెంతి, బస్తాలెక్కి దిగింది. దాన్ని పట్టుకుందామని కుంటుకుంటూ బస్తాల వెనక నుంచి వచ్చాను, నవ్వుతూ. అప్పుడు దొరికాను ఆమెకు.

నన్ను గడప లోపల కూర్చోబెట్టి పళ్లెం వెలుగును అరికాలి మీద పడేస్తే చర్మం తళతళలాడిందే కానీ ముల్లు కనబడలేదు. పెద్దమ్మ పళ్లెం పక్కనపెట్టి, మంచాన్ని వాకిట్లో నిలబెట్టి, దాని మీద ఉతికిన తెల్ల పంచె పరిచింది. ఎండ దాని మీద పడి, నెమ్మదించి ఇంట్లోకొచ్చింది. నల్లటి ముల్లు మొన కనబడింది. “ఎల్తురు లేదనకు బిడ్డా. బయట ఉన్నది. మనం లోపలికి పిలవాలె,” అంటూనే లాగేసింది. నేను ఏడుద్దామనుకునేలోపే అయిపోయింది.

ఇదంతా చెబుతూనే బట్టలారేసే స్టాండును దుప్పటితో సహా లాక్కొచ్చి నా చీకటి చెంప పక్కన నిలబెట్టాను. పొద్దున ఉతికిన తెల్ల దుప్పటి. మనవరాలు కెమెరాలోంచి చూసి కెవ్వుమంది. “నానమ్మా! రెండు కండ్లు కనబడుతున్నయి!”

చేయి కదలకుండా కెమెరాను బియ్యం డబ్బా మీద పెట్టించాను. అంతా కుదిరింది, నా ముఖం తప్ప. “జర నవ్వు నానమ్మా. కిరాయి అడగనీకి వచ్చినట్టున్నవ్,” అంది. ఫొటోలో నవ్వడం నాకు రాదు. ఆధార్ కార్డులోనూ అంతే, కొడుకు పెళ్లి ఫొటోల్లోనూ అంతే.

పిల్ల స్టీలు కంచం ఒకటి తీసింది. ఒక చేయి కెమెరా మీద, ఒక చేత్తో కంచం కిటికీ వైపు. ఎదురు గోడ మీద గుండ్రటి వెలుగు దూకింది. పప్పు డబ్బాలెక్కి, గ్యాసు బండ మీది నుంచి దిగి, క్యాలెండరు మీదికి పోయింది. నా కళ్లు దాని వెంటే పోయాయి. నాకు తెలియకుండానే పళ్లన్నీ బయటపడ్డాయి. టిక్కుమంది.

ఆ ఫొటోలో ఉన్నది నా ముఖమే, కానీ బస్తాల వెనక నుంచి బయటికొచ్చిన పిల్లలా ఉన్నాను. పెద్దమ్మ ఆ రోజు చేసిన పనిని నేను ఇన్నేళ్లూ ముల్లు తీసే ఉపాయం అనుకున్నాను. భయపడ్డవాళ్లనైనా, బిగుసుకున్నవాళ్లనైనా ఈడ్చకుండా బయటికి పిలిచే ఉపాయమది. నా మనవరాలికి ఒక్కసారి వింటేనే పట్టుబడింది. నేను ఆ ఉపాయాన్ని చేతిలో పెట్టుకునే ఎందరినో చెవి పట్టుకుని ఈడ్చాను. ఇకనైనా మొదట కంచం తీయాలి.

మరునాడు పొద్దున మనవరాలు కెమెరా సంచి తగిలించుకుని స్కూలు బస్సెక్కింది. హాల్లోకి వచ్చి చూస్తే లైట్ వెలుగుతూనే ఉంది. కేకేద్దామని బాల్కనీలోకి పోయాను. బస్సు మలుపు తిరుగుతోంది, కిటికీలోంచి చేయి ఊపింది. నేనూ ఊపాను. కేక మానేసి లోపలికొచ్చి లైట్ తీసుకున్నాను, పిల్ల మాటలోనూ, నా మాటలోనూ.