మస్తాన్‌బీ చెప్పే ఆఖరి రీలు

జమ్మలమడుగు టూరింగు టాకీసు గేటు ముందర ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు అమ్మే మస్తాన్‌బీకి సినిమా అంటే ప్రాణం. ఏ కొత్త బొమ్మ వచ్చినా మొదటి ఆటకే నేల టికెట్టు కొని, తెరకు దగ్గరగా ఇసుకలో కాళ్ళు చాపుకుని చూస్తుంది. పాటొస్తే పెదవులు కదుపుతుంది, ఏడుపొస్తే కొంగు నోట్లో కుక్కుకుంటుంది. మర్నాటి నుంచి మాత్రం బజ్జీల పొట్లం చేతికిస్తూ, అడక్కపోయినా ఆఖరి రీలు చెప్పేస్తుంది. "ఆ పిల్ల బతకదులే నాయనా." అది విని పొట్లంతోనే ఇంటిదారి పట్టినవాళ్ళు చాలామంది.

అంతకుముందు ఏడేళ్ళు ఆమె టాకీసు లోపలే అమ్ముకుంది. మేనేజరు నాగభూషణం తన బామ్మర్ది చేత లోపల అంగడి పెట్టించి, ఒక ఇంటర్వెల్లో అందరూ చూస్తుండగా ఆమె ఉగ్గాని గంపను మట్టిలో బోర్లించాడు. ఆమె గంప దులుపుకుని వెళ్ళిపోయి, మర్నాడే గేటు ముందర పొయ్యి పెట్టుకుంది. మొన్న శనివారం సాయంత్రం అతనే ఆమె పొయ్యి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"తప్పయింది మస్తాన్‌బీ. రేపట్నుంచి లోపల్నే అమ్ముకో. ఆ కథలు చెప్పేది మాత్రం మానుకో."

ఆమె బజ్జీలు తిప్పుతూ, టికెట్ల కిటికీ దగ్గరున్న వాళ్ళకు వినబడేలా అంది:

"వచ్చే వారం నువ్వు తెచ్చే బొమ్మ ప్రొద్దుటూరులో చూసొచ్చినానప్పా. శానా బాగుండాది. అన్నను చంపింది తమ్ముడే."

ఆ బొమ్మకు నాగభూషణం ఇంకా వాల్‌పోస్టరు కూడా అంటించలేదు.