తమ్ముడికి గ్లాసెడు నీళ్లు

ప్లంబర్లకు లైసెన్సు తప్పనిసరి చేయాలన్న మాట ఈమధ్య తరచూ వినబడుతోంది. ప్రభుత్వం ఎప్పుడు చేస్తుందో తెలియదు గానీ, నెల్లూరులో మేముండే అపార్ట్‌మెంటు వాళ్లు మాత్రం, పని నేర్చి పేరు నమోదు చేయించుకున్న ప్లంబర్లను తప్ప ఇంకెవరినీ గేటు దాటనివ్వకూడదని ఆదివారం మీటింగులో తేల్చాలనుకున్నారు. దానికి నాలుగు రోజుల ముందు, బుధవారం పొద్దున, మా ఆయన మేనమామ కొడుకు నన్ను చూడడానికి వచ్చాడు. నాకు తమ్ముడి వరుస. మా అపార్ట్‌మెంటులో కుళాయిలూ మోటార్లూ ఇన్నేళ్లుగా అతని చేతి మీదే నడుస్తున్నాయి. కమిటీలో అందరికంటే పెద్దదాన్ని నేనే కాబట్టి, నా మాటతో తనొక్కడికైనా మినహాయింపు దొరుకుతుందని అతని ఆశ. అతను కూర్చోగానే వంటింట్లోకి వెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చి చేతికిచ్చాను. నీళ్లు చూడగానే అతని ముఖం ముడుచుకుపోయింది. ఎందుకో తెలియాలంటే మా అత్తగారి దొరువు సంగతి చెప్పాలి.

నేను పుట్టింది బుచ్చిరెడ్డిపాలెం వైపు. కాలువ నీళ్లు తప్ప మరో నీళ్లు ఎరగను. మైపాడు దగ్గర పల్లెకు కాపురానికి వచ్చాకే దొరువును చూశాను. అంటే ఇసుకలో నడుములోతు తవ్విన గుంట. పక్కలు కూలిపోకుండా తాటి మొద్దులు పేర్చి ఉంటాయి. సముద్రపు గాలి ముఖానికి కొట్టే చోట, అడుగున అంతా ఉప్పునీరే ఉన్నా, వానలకు ఇంకిన మంచినీరు దాని మీద పలచగా తేలి నిలుస్తుంది. మన తరం ఆడవాళ్లలో ఆ పక్క కాపురం చేసిన వాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. నేను మొదటిరోజే బిందెను నిలువునా ముంచబోతే మా అత్తగారు నా చెయ్యి పట్టుకున్నారు.

"మీ బుచ్చి కాలవనుకున్నావా పిల్లా? పాల మీద మీగడ తీసినట్టు తియ్యాల. అడుగు కదిలిచ్చినావంటే ఊరంతా ఉప్పు తాగాల్సిందే."

అప్పటినుంచీ చెంబుతో పైపైన తోడుకోవడం నేర్చుకున్నాను. సాయంత్రమయితే పక్కనున్న జాలర్ల పల్లె పట్టపుపాళెం ఆడవాళ్లు కూడా బిందెలతో మా దొరువుకే వచ్చేవాళ్లు. అత్తగారు గట్టున పీట వేసుకుని కూర్చుని, ఎవరి పడవ వచ్చింది, ఎవరి కోడలు అలిగింది అన్నీ విని, అందరికీ తీర్పులు చెప్పేవారు. ఆవిడకు నగల మీద మోజు లేదు. తన గుంటలో నీళ్లు తియ్యగా ఉంటాయన్నదే ఆవిడ గొప్ప.

నా పెళ్లయిన నాలుగో వేసవి, చైత్రమాసం, ఒక శుక్రవారం. తలంటు పోసుకుని జుట్టు ఆరబెట్టుకుంటూ ఉన్నాను కాబట్టి వారం నాకు బాగా గుర్తు. అత్తగారికి మోకాళ్ల నొప్పులు, వంగి తోడలేకపోతున్నారని మా ఆయన బోరు వేయించి మోటారు పెట్టిద్దామన్నారు. బయటివాణ్ణి పిలవడమెందుకు, మనవాడే ఉన్నాడు కదా అని ఈ తమ్ముణ్ణి పిలిపించారు. కోవూరులో ఎవరి వెంటో తిరిగి ఒక్క పంటకాలం పొలాల్లో బోర్లు వేసిన అనుభవం అతనిది. రెండు నిలువుల లోతులోనే మంచినీళ్లు పడ్డాయి. అత్తగారు దోసిట్లో పట్టి నాలుక మీద వేసుకుని, ఇక చాలు, ఆపమన్నారు. అతను నవ్వాడు.

"అత్తా, లోతుకు పొయ్యేకొద్దీ నీళ్లు తేటగా ఉంటాయి. మా కోవూరులో అట్టనే ఏసినాను. నువ్వు గమ్మునుండు."

పెన్న ఒడ్డున కోవూరులో నిజమైనది సముద్రం ఒడ్డున కూడా నిజమేననుకున్నాడు. ఇంకా లోతుకు దించాడు. తవ్విన ఇసుక ఎక్కడ పోయాలో తోచక, ఇక దీనితో పనేముందని దొరువులోనే పోయించి, సాయంత్రం బస్సెక్కి వెళ్లిపోయాడు. మరునాటికి బోరులో ఉప్పునీళ్లు వచ్చాయి, కందిపప్పు ఎంతసేపు పొయ్యి మీద ఉంచినా ఉడకలేదు. కబురు పెడితే, మోటారు ఆపకుండా నడపండి, తేట పడుతుందన్నాడు. నడిపాం. పైన మిగిలిన ఆ కాస్త మీగడ కూడా దిగిపోయింది. ఇసుక తీయించి దొరువు మళ్లీ తవ్విస్తే అందులోనూ ఉప్పే. కనకాంబరాలు మాడిపోయాయి. చివరికి అతను వచ్చి చూసి, "సముద్రం ముందుకొచ్చింది అక్కా, దానికి నేనేం చేసేది?" అన్నాడు. సముద్రం మాత్రం నిరుడు ఉన్నచోటే ఉంది.

పట్టపుపాళెం ఆడవాళ్లు రావడం మానేశారు. ఊరందరికీ నీళ్లిచ్చిన మా అత్తగారు ఖాళీ బిందె పట్టుకుని అవతలి వీధిలో ఒకామె దొరువు దగ్గర తన వంతు కోసం నిలబడడం నేను కళ్లారా చూశాను. మేనల్లుణ్ణి ఆవిడ పల్లెత్తు మాట అనలేదు. మా ఆయన, మనవాడే కదా, పోనీలే అన్నారు. నేను పోనివ్వలేదు. ఫిర్యాదు చేద్దామంటే ఎవరికి చేయాలి? రద్దు చేయించడానికి అతని దగ్గర ఏ లైసెన్సూ లేదు. అది ఉన్నవాడికి కదా పోతుందన్న భయం.

అందుకని శిక్ష నేనే వేశాను. ఇంటికి వచ్చినవాడికి ముందు నీళ్లివ్వడం మన ఆచారం, ఇచ్చిన నీళ్లు తోసిపుచ్చకపోవడం మర్యాద. పండగకో పబ్బానికో అతను మా గడప తొక్కినప్పుడల్లా, మిగిలినవాళ్లకు తెచ్చుకున్న మంచినీళ్లు ఇచ్చి, అతనికి మాత్రం అతను వేసిన బోరు నీళ్లు పెద్ద ఇత్తడి గ్లాసు నిండా ఇచ్చేదాన్ని. కళ్లు మూసుకుని గుటగుటా మింగేవాడు. ఒకసారి, "కొంచెం మజ్జిగుంటే..." అని నసిగాడు. "మజ్జిగ కూడా నీ నీళ్లతోనే చేస్తాను తమ్ముడూ" అన్నాను. మా ఆయన తల వంచుకునేవారు. ఆ ఇల్లు అమ్మి నెల్లూరు వచ్చేదాకా, పద్దెనిమిదేళ్లు, ఒక్కసారి కూడా మరిచిపోలేదు. ఇక్కడికి వచ్చాక అతను పనిమీద వస్తే గుమ్మం దగ్గరే నిలబడి మాట్లాడి వెళ్లేవాడు. లోపలికి వచ్చి కూర్చున్నది ఇదే మొదటిసారి.

ఆ బుధవారం గ్లాసు పట్టుకుని అతను తన గోడు చెప్పుకున్నాడు.

"ఈ వయసులో నన్ను పరీక్షకు కూర్చోమంటే ఎట్టా అక్కా? మీ ఊళ్లో దొరువులు తవ్వినోళ్లు ఏ లైసెన్సు చూపిచ్చినారు?"

మంచి ప్రశ్నే. జవాబు నా దగ్గర ఎన్నో ఏళ్లుగా సిద్ధంగా ఉంది.

"వాళ్లు తవ్విన నీళ్లు వాళ్లూ తాగినారు తమ్ముడూ. అదే వాళ్ల లైసెన్సు. నువ్వు బస్సెక్కి పోయినావు."

అతను అలవాటుగా కళ్లు మూసుకుని గ్లాసు ఎత్తాడు. ఒక గుక్క మింగి కళ్లు తెరిచి, "బాగుండాయే!" అన్నాడు ఆశ్చర్యంగా. ఉండవా మరి? క్యాను నీళ్లు.

ఆదివారం మీటింగులో మినహాయింపు ఎవరికీ వద్దని అందరికంటే ముందు చెయ్యెత్తింది నేనే. లైసెన్సు వల్ల అందరికీ బుద్ధి వస్తుందని కాదు, తప్పు చేసినవాడికి పోగొట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలని. తీర్మానం నెగ్గింది. అతనికి మా గేటు మూసుకుపోయింది. ఇన్నాళ్లకు నా కడుపు చల్లబడాలి. పడలేదు. ఇప్పుడు కుళాయి బిగించేవాడూ దాని నీళ్లు తాగడు, బిగించుకున్నవాళ్లమూ తాగం. అందరం ఎక్కడివో తెలియని, ఏ రుచీ లేని క్యాను నీళ్లే తాగుతున్నాం. చేసిన పని చేసినవాడి గొంతులోకి దిగే రోజులు పోయాయి. మైపాడు ఇల్లు అమ్మినరోజు, వచ్చేముందు ఆ బోరు నీళ్లు ఒక్క సీసా పట్టి తెచ్చి ఉండాల్సింది.