జడ్త ఇవ్వని పొట్టేలు

2017లో నేను అచ్చంపేట దగ్గర ఒక పశువుల దవాఖానలో డాక్టరును. దేవుణ్ని నమ్మను. భార్య పోయాక ఆ సంగతి వాదించడం కూడా మానేశాను. వాదించడానికైనా ఇంట్లో ఇంకో మనిషి ఉండాలి కదా.

ఒక పొద్దున లచ్చమ్మ అనే ముసలావిడ పొట్టేలును తోలుకొచ్చింది. ఆమె భర్త చనిపోయే ముందు దాన్ని మైసమ్మకు మొక్కాడు. గొర్రెల మందంతా అమ్ముడైపోయి అదొక్కటే మిగిలింది. మా వైపు బలికి ముందు జీవం మీద పసుపునీళ్లు చల్లుతారు. అది ఒళ్లు దులుపుకుంటే జడ్త ఇచ్చినట్టు, అంటే అమ్మవారు ఒప్పుకున్నట్టు. ఈ పొట్టేలు ఎంత చల్లినా కదల్లేదట. వచ్చిన చుట్టాలు భయపడి వెళ్లిపోయారట.

"సారూ, అమ్మ అలిగిందా, దీనికేమన్న రోగమా?"

థర్మామీటర్ పెట్టి, స్టెతస్కోప్‌తో ఊపిరి విని చూశాను. న్యుమోనియా, ఒళ్లు కాలిపోతోంది.

"రోగమే అవ్వా. గింత జ్వరముంటె నీళ్లు పడ్డా దులుపుకోదు."

"సూది ఏస్తె జడ్త ఇస్తదా?"

"ఇస్తది."

మంచి కబురు చెప్పాననుకున్నాను. ఆమె ముఖం వాడిపోయింది. పొట్టేలు మెడ మీద చెయ్యి వేసి, "ఇంట్ల పిలిస్తె పలికేది గిదొక్కటే" అంది.

నాకు చిరాకేసింది. "ఇష్టం లేకుంటె కొయ్యకు. ఏ అమ్మా వచ్చి అడగదు."

"పుట్టిచ్చినామె ముంగట నా ఇష్టమేంది సారూ."

యాంటీబయాటిక్ వేసి, విత్‌డ్రాయల్ పీరియడ్ గురించి చెప్పాను. మందు మాంసంలోంచి పోయేదాకా కోయకూడని గడువు అది. ఆ మాటకు ఆమె ఊపిరి పీల్చుకుంది.

గడువు దాటి చాలా రోజులయ్యాక టీకాలు వేయడానికి వాళ్ల ఊరు వెళ్లాను. పొట్టేలు ఆమె గడప ముందు కందిపొట్టు తింటోంది.

"జడ్త ఇయ్యలేదా అవ్వా?"

"నీళ్లు సల్లితె గద."

"మరి అమ్మ ఊకుంటదా?" నవ్వుతూ అడిగాను.

ఆమె నవ్వలేదు. "అడగనీకొస్తె రానియ్యి సారూ. గట్లన్న ఒకరు నా ఇంటికొస్తరు."

జడ్త వట్టి రిఫ్లెక్స్ అని, శరీరం తనంతట తాను చేసే పని అని రైతులకు చెబుతుండేవాణ్ని. అది ఇప్పటికీ నిజమే. కానీ దేవతకు భయపడుతూనే మనిషి తనకు కావలసింది ఎంచుకోగలడని లచ్చమ్మ దగ్గరే తెలుసుకున్నాను. ఆ సాయంత్రం ఇంటికెళ్లి తాళం తీశాను. నేను నమ్మని దేవుడు నన్నేమీ అడగడానికి రాడు. అందుకు మొదటిసారి బాధేసింది.